బెల్లు కొట్టకూడని రోజు

మా దేశంలో ఓటంటే ఒక గోళీ.
పిల్లలు ఆడుకునేలాంటిదే, గాజుది.
రంగు పూసిన పీపా గొట్టంలో జారవిడిస్తే
లోపలెక్కడో గంట ఒక్కసారి టింగుమంటుంది.
అడుగున రంపపు పొట్టు పోస్తారు, మళ్ళీ చప్పుడు కాకుండా.
రెండుసార్లు మోగితే దొంగ ఓటని
బయట బల్ల దగ్గరివాళ్ళు చెవులు రిక్కించి కూర్చుంటారు.

అందుకే ఆ శనివారం
బర్రా ఊళ్ళో ఒక్క సైకిలూ తిరగలేదు.
సైకిల్ బెల్లూ ఓటూ ఒకేలా మోగుతాయట.
ఇరవై రెండేళ్ళుగా పంచర్లు వేస్తున్నాను,
నా సరుకుకి అంత గౌరవం ఎన్నడూ దక్కలేదు.
కొట్టు మూసి, చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడిగి
వరసలో నిలబడ్డాను.
నా గోళీలో చిన్న గాలిబుడగ ఉంది. వెలుతురుకి పెట్టి చూశాను.
వదిలాను.

మర్నాడు గుంటల పలకల మీద గోళీలు పరిచి లెక్కపెట్టారు.
రాత్రి రేడియో పేరు చెప్పింది.
పేరు పూర్తయ్యేలోపే వీధంతా బెల్లులే బెల్లులు.
రిపేరుకొచ్చి మూలన పడున్న సైకిళ్ళవి కూడా
మావాడు ఒక్కోటీ నొక్కుకుంటూ పోయాడు.

సోమవారం పొద్దున
చక్రాలతో పాటు కోరికలూ కొట్టు ముందుకొచ్చాయి.

ఉల్లి పండించే న్యీమా అంది:
ఇక ఓడల్లో పైదేశం ఉల్లి దిగనివ్వడు, చూస్తుండు.
పూటకూళ్ళు నడిపే తిడా అంది:
ఉల్లి ధర దించుతాడు, అందుకేగా వేశాను.
ఇద్దరూ వేసింది ఒకే పీపాలో.
నేను ట్యూబుకి ఆకురాయి రుద్దుతూ ఊరుకున్నాను.

వేరుశనగ రైతు అన్సుమానాకి
కాటా ముల్లు నిజం చెబితే చాలు,
చీటీలు కాకుండా దలాసీలు చేతిలో పడితే చాలు.
ఫెర్రీ మీద టికెట్లు కోసే సైనీకి
గాంబియా నది మధ్యలో
ఇంజను ఆగిపోని ప్రభుత్వం కావాలి.

అత్తాయా టీ మరిగింది.
మొదటి గ్లాసుకి వంతెన కట్టేశాం.
రెండో గ్లాసుకి ఆసుపత్రిలో మందులొచ్చాయి.
మూడోది తియ్యగా ఉంది, బియ్యం బస్తా సగం ధరకి దిగింది.
బొగ్గులు చల్లారేసరికి దేశం బాగుపడిపోయింది,
గ్లాసులు కడగడానికి మాత్రం ఎవరూ లేవలేదు.

మా ఆవిడ ఆయన మొహం అచ్చేసిన గుడ్డ నాలుగు గజాలు కొంది.
ఏ మొహం వీపు మీదికి రావాలో
ఏది కుర్చీ కిందికి పోకూడదో
దర్జీతో అరగంట వాదించింది.
ఇంకా ఉతకలేదు. రంగు సంగతి తెలీదు.

సాయంత్రం యోరో వచ్చాడు, తమ్ముడి సైకిలు నడిపించుకుంటూ.
తమ్ముడు దొడ్డిదారిన పోయాడు, ఎడారి దాటి, పడవెక్కి.
మూడేళ్ళుగా ఫోను లేదు.
"బ్రేకులు చూడు. వస్తే నడుపుతాడు."
కాసేపాగి అన్నాడు:
"కొత్తాయన వాళ్ళ పేర్లు రాయిస్తాడంటావా,
పోయినవాళ్ళవి, ఎక్కడో ఒక పుస్తకంలో?"
నా దగ్గర దానికి పనిముట్టు లేదు.

అయ్యా, కొత్తాయనా,
మా కొట్టులో ఒక ప్లాస్టిక్ తొట్టి ఉంది, మురికినీళ్ళతో.
గాలి కొట్టిన ప్రతి ట్యూబునీ అందులో ముంచి
జానెడు జానెడు తిప్పుతాను.
చేతికి గట్టిగానే తగులుతుంది,
ఒకచోట మాత్రం బుడబుడమంటుంది.
అది ట్యూబు తప్పు కాదు, మా రోడ్లు అలాంటివి.
మీ మాట కూడా అప్పుడప్పుడూ ముంచి చూడనివ్వండి.
అతుకులేస్తాం. మాకొచ్చిన పనే.

యోరో తమ్ముడి సైకిలుకి బ్రేకులు బిగించాను.
బెల్లు తుప్పుపట్టి బిగుసుకుంది.
నూనె చుక్క వేసి, కాసేపు నాననిచ్చి, నొక్కాను.
వీధిలో పోతున్న ముసలాయనెవరో
వెనక్కి చూడకుండానే
పక్కకి జరిగి దారిచ్చాడు.