మూడు పాయింట్ ఆరు

నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల లోతు,
ఎనిమిదడుగుల పొడుగు.
పెన్నేట్లో కొట్టిన సర్కారు కంప
ఎండి, బెరడు రాలి,
ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డు అడితిలో దొంతి పడితే
నూట ఇరవై ఎనిమిది ఘనపుటడుగులు.
ఇరవై ఆరేండ్లు నేను రాసిన లెక్క ఇదే.
నిద్రలో లేపి అడిగినా చెప్తా.

కొలిచేదానికి వేపకర్ర ఉండేది,
అడుగడుక్కీ ఒక ఇనప మేకు.
మా నాయన హుసేనప్ప దాంతోనే కొలిచినాడు,
దాంతోనే కుక్కల్ని తరిమినాడు,
ఒకసారి నన్ను గూడ.

పోయినేడు ఉగాది దాటినాక కాంట్రాక్టరు మారినాడు.
కొత్తాయన పసుపుపచ్చ టేపు పంపినాడు.
లాగితే పాము మాదిరి వస్తాది,
వదిలితే బుస్సుమని పుట్టలోకి పోతాది.
"ఇంగ అడుగుల్లేవు కుళ్లాయన్నా, అంతా మీటర్లే.
ముప్పై అయిదు పాయింట్ మూడు ఒకటితో భాగించు,
అయిపాయ."

భాగిస్తే మూడు పాయింట్ ఆరు రెండు,
దాని వెనకాల అయిదు.
పుస్తకంలో గడి చిన్నది.
మూడు పాయింట్ ఆరు అని రాసినా.
రెండుకూ అయిదుకూ చోటు ల్యా.

కట్టె కొట్టేది, పేర్చేది మాబున్ని ముఠా, తొమ్మిది మంది.
వంకర కంపను వంకర కంపకు ఒదిగించడం
ఆమెను చూసి నేర్చుకోవాల.
"సందులో ఉడుత దూరొచ్చు,
ఉడుత వెనకాల పిల్లి దూరగూడదు" అంటాది.
దొంతిలో గాలి గూడ కొలతకొస్తాదని
కొత్తాయనకు ఒకటే దిగులు,
గాలికి కూలిస్తాండామే అని.

పదహైదు దినాలకొకసారి బట్వాడా.
మొన్న దుడ్లు ఎంచుకొని, మళ్లీ ఎంచుకొని,
కొంగున ముడేసుకోకుండా నిలబడింది మాబున్ని.
"నలభై దొంతులు పేర్చినామన్నా.
నలభైకి రావల్సిన దుడ్లు గావివి.
చానా దినాల నుంచీ చూస్తాండా.
యాడనో కట్టె పోతాంది."

"కట్టె యాడికి పోతాదమ్మే, కాళ్లొచ్చినాయా?" అన్నా.
ఎనిమిది మంది నగినారు.
ఆమె నగలా.

రాత్రి అన్నం తిన్యాక
వంటింటి కడప బండల మీద సుద్దముక్కతో గీసినా.
దొంతికి పాయింట్ సున్నా రెండు అయిదు.
ఎంతుంటాది? ఒక నూనె డబ్బాన్నర.
దాన్ని పట్టుకొని ఎవరు పోట్లాడతారు?
నలభైతో హెచ్చేస్తే
ఒకటి.
నిండుగా ఒక ఘనమీటరు.
మీటరుకు మీటరు చదరం గీసి మధ్యలో నిలబడినా.
నా నడుం దాటి వచ్చినాయి కట్టెలు, లేని కట్టెలు.
"బండలు కడిగి గంట గాలేదు,
ఏంది ఈ ముగ్గు?" అనింది మా ఇంటామె.

లారీ కాటా మీద తూకానికి పోతాది.
ఆడ ఏ తోకా తెగలా.
తెగింది ఈడ, నా పెన్ను కింద.
ఎవరూ చెప్పలా నాకు తెగ్గొట్టమని.
గడి చిన్నదైంది, అంతే.
పదకొండు నెల్ల బట్వాడాలు వేళ్ల మీద ఎంచితే
ఇరవై రెండు దగ్గర బొటనవేలు ఆగింది.

తెల్లారి స్కేలు పెట్టి గడులు వెడల్పు చేసినా.
మాబున్నిని పిలిచి పుస్తకం తిప్పి చూపించినా.
"నీ కట్టె దొరికిందమ్మే."
"యాడుండె?"
"ఈ చుక్క వెనకాల."
వంగి చూసింది, చెయ్యి తుడుచుకొని
చుక్క మీద వేలు పెట్టింది.
"ఈగ రెట్ట మాదిరుండాది,
ఇంత దాని వెనకాలనా?"

రంపం పొట్టు రేగి ఇద్దరి కండ్లలో పడింది.
ఆమె కొంగుతో ఒత్తుకుంటా, మెల్లగా,
"మరి పాత ఇరవై రెండూ?" అనింది.

ఇరవై రెండని నేను చెప్పలా ఆమెకు.

టేపు లాగినా.
అప్పటికే కొలిచిన దొంతినే
ఈ కొస నుంచి మళ్లా కొలిచినా.