ఇరవై ఆరో ఇల్లు

చింతపండు కొట్టే కాలంలోనే వస్తాయి మాకు లెంటు దినాలు.
పొద్దంతా రాయి, సుత్తె, గింజ, పీచు, కిలోకింత కూలి.
గోళ్ళ సందుల్లో పులుపు దిగి
సబ్బు తగిలినా చురుక్కుమంటుంది.
సాయంత్రం ఆ వేళ్ళతోనే
పాటల పుస్తకం అట్ట తుడిచి చంకన పెట్టుకుంటాం.

నలభై దినాలు, నలభై ఇళ్ళు.
ఏ రాత్రి ఎవరింట్లో కూటమో
పాత క్యాలెండరు వెనక రాసి చర్చి తలుపుకు అంటిస్తారు.
ఈ ఏడు రాసింది సలోమి కూతురు, ఆరో తరగతి,
ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో.
పరంజ్యోతి వాళ్ళు పనికని బెంగళూరు పోయి
ఒక ఇల్లు తక్కువొచ్చింది.
బిడ్డ వీధంతా వేలు చూపిస్తా లెక్కేసి
ఇరవై ఆరో గడిలో రాసేసింది:
దానం తాత ఇల్లు.

పదకొండేళ్ళుగా ఆ పేరు ఆ తలుపు మీద లేదు.
అయ్యగారు కొత్త, చదివి ఊఁ అన్నాడు.
మా అమ్మ చదివి, అద్దాలు తీసి,
కొంగుతో తుడిచి, మళ్ళీ చదివింది.
కొట్టేయమని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ రాత్రికి మాలో సగం మందికి తలనొప్పి.
మిగతా సగం చాప చుట్టుకొని పోయినాం.
గడప నుంచి వీధి మొగదాకా నీళ్ళు చల్లి ఉంది,
అక్కడ చెంబు అయిపోయినట్టు
ఒక్కసారిగా ఆగిపోయి ఉంది తడి.
లోపల కడిగి బోర్లించిన గ్లాసులు తొమ్మిది,
ఇంట్లో ఉండేవన్నీ.
గోడకు ఒక్కటే ఫొటో,
ఐటీఐ యూనిఫారంలో జయపాలు.
ఇరుకైనా ఎవరూ దాని కింద కూర్చోలేదు.

రెండో చరణంలో కరెంటు పోయింది.
పుంగనూరు పక్క మార్చి నెల కరెంటు అంతే.
నోటికొచ్చిన పాటే, అయినా ఆగిపోయినాం,
చీకట్లో ఎవరు అందుకోవాలో తెలీక.
తలుపు కాడ టార్చి వెలిగింది.
దానం. పాడలేదు, మోకాళ్ళూనలేదు.
అయ్యగారి భుజం మీదుగా
అక్షరాల మీదికి వెలుతురు పట్టుకొని నిలబడినాడు.
అందరం కళ్ళు మూసుకొని ప్రార్థన చేసినంతసేపూ
మూసిన పుస్తకం మీదనే ఆ వెలుగు.
నేనొక్కసారి కళ్ళు తెరిచి చూసినాను:
చెయ్యి మార్చుకున్నాడు, దించలేదు.

చివర్లో "టీ తాగి పోండి" అన్నాడు.
అంతే అన్నాడు.
తొమ్మిది గ్లాసులు మూడు తూర్లు తిరిగినాయి.

మంచి శుక్రవారం రాలేదు.
ఏడు మాటల్లో ఐదోది నాకిచ్చినారు, దప్పిక.
మూడు పేజీలు రాసుకొని పోయినాను.
రెండో పేజీలో గొంతు పట్టేసింది.
మాటిమాటికీ తలుపు వైపు చూస్తా ఉంటే
నీళ్ళకనుకొని సలోమి చెంబు తెచ్చిచ్చింది.
తాగినాను.

శనివారం సమాధులకు సున్నం.
మగవాళ్ళు కంప కొడతారు,
మేం బకెట్లూ ఈతమట్ట కుంచెలూ మోస్తాం.
మా సున్నం ఎప్పుడూ గోడదాకానే.
గోడ అవతల ఒకటుంది.
ఉరేసుకున్నవాడికి లోపల చోటు లేదని
ఆ పొద్దు కమిటీ కాగితం రాసింది.
కింద ఐదు సంతకాలు, మూడోది మా నాయనది,
ముత్యాల మాదిరి అక్షరాలు ఆయనవి.

ఈసారి మేం పోయేటప్పటికే
అవతలిది తెల్లగా, ఇంకా తడిగా ఉంది.
ఇవతల మా నాయనది కూడా.
చుట్టూ గడ్డి పీకి,
పేరు అక్షరాల్లో చేరిన మట్టిని
పుల్లతో తీసి మరీ.
మా అమ్మ బకెట్టు కింద పెట్టి
దాని అంచు మీదనే కూర్చుండిపోయింది.

దానం పంపు కాడ కుంచె కడుక్కుంటా ఉండాడు.
నేను పోయి ఎదురుగా నిలబడితే
తల ఎత్తకుండానే అన్నాడు:
"సున్నం మిగిలిందిమ్మే. పారబోస్తామా?"