అర మిల్లీమీటరు

స్టోన్‌హౌస్‌పేటలో మూతబడ్డ బియ్యం గోడౌను.
మొలగొలుకుల వాసన ఇంకా గోడల్లోనే ఉండాది.
ఆ చివర పెన్నా ఇసక నింపిన ఆరు గోతాలు,
వాటి ముందు క్లిప్పుకు వేలాడే అట్టముక్క.
ఈ చివర నా పనిబల్ల.
మధ్యలో పది మీటర్లు.
టేపుతో రెండుసార్లు కొలిచినాను,
విజిత నమ్మకపోతే మూడోసారి.

పందెం నాది కాదు.
జిలానీ దుప్పట్లో చుట్టి తెచ్చినాడు పాతదాన్ని.
జర్మనీ ఇనుము, మా నాయన ఈడుది.
ఎవరెవరి చెంపలో ఆనీ ఆనీ
కర్ర ఒకచోట చింతగింజ మాదిరి నున్నబడింది.
ఎత్తేసిన క్లబ్బు సామాన్లలో
కిలో లెక్కన తూకమేసి కొన్నాడంట.
రొట్టెల పండగలో బెలూన్ల కొట్టు వాడిది;
దీన్ని మాత్రం ఏనాడూ కొట్టులో పెట్టలేదు.
"గురి తప్పని తుపాకి పెడితే
బెలూన్ల ఖర్చు ఎవడిస్తాడన్నా?"

విజితది కొత్తది.
అల్యూమినియం ఒళ్ళు, కడుపు కింద గాలి సిలిండరు,
చెంపకో మర, భుజానికో మర,
చూస్తే ఆస్పత్రి సామాను.
వాళ్ళమ్మ చీటీ పాడి కొనిచ్చింది.

ముందు పాతదాన్ని వైసులో బిగించినాను,
దవడలకు తోలు ముక్కలేసి, కోడిగుడ్డు పట్టినట్టు.
నా కుడి చూపుడువేలు ఎనభై తొమ్మిదిలోనే లేతు తినేసింది,
అందుకని ట్రిగ్గరుకు దారం కట్టి లాగినాను.
స్ప్రింగు దగ్గింది.
ఐదు గుండ్లు. ఒకే చిల్లి, అంచు కాస్త నలిగింది.
వెర్నియర్ పెడితే రెండు పాయింట్ ఒకటి.
కొత్తది దగ్గను కూడా దగ్గలేదు,
కంసాలి గొట్టం ఊదినట్టు ఒక్క తుప్పుమనడం.
ఐదు గుండ్లు. ఒకే చిల్లి.
ఒకటి పాయింట్ ఆరు.

తేడా అర మిల్లీమీటరు.
మా మిషను పనిలో అంత తేడా వస్తే
పిస్టను బోరును కొట్టుకొని చస్తుంది.
బియ్యం లెక్కలో నూకకు కూడా చాలదు.
"పది మార్కుల చుక్క వెడల్పు కూడా అంతే మామా"
అనింది విజిత, అట్టను కిటికీ వెలుగుకు పట్టి.
నవ్వుతుందేమో అనుకున్నా. నవ్వలేదు.

వైసు విప్పేసినాను.
వైసుకు ఊపిరి లేదు గదా.

ఆ పిల్ల పాతదాన్ని భుజానికెత్తింది.
తొమ్మిది. ఎనిమిది. మళ్ళీ ఏడు.
"నొక్కినాక ఇది ఆలోచించుకుంటాంది" అనింది.
నిజమే. స్ప్రింగు సాగాల, పిస్టను ఉరకాల,
గాలి నలగాల, అప్పుడు గదా గుండు బయల్దేరేది;
ఆ సందులో గుండె ఒక్కసారి కొట్టుకునిందా,
అదీ అట్ట మీద రాసేసుకుంటది.
కొత్తది అంతసేపు మన కోసం ఆగదు.
మన తప్పు వచ్చి అందుకునే లోపలే
గొట్టం దాటి పోయుంటది.

జిలానీ కొత్తది ఎత్తినాడు.
ఇరవై ఏళ్ళు వంకర గొట్టాల యాపారం చేసిన కన్ను,
కావాలనే సైటు వంచిన చెయ్యి;
తిన్నని తుపాకి చేతికిస్తే
తనకే తెలీకుండా రవ్వంత ఎడమకు సవరించుకున్నాడు.
ఐదూ ఎడమకే పడినాయి,
నల్ల వలయం అంచున, ముద్దగా, ఒకదాని మీదొకటి.
అంత దగ్గరగా ఐదు పడటం నేను చూళ్ళేదు,
అదీ తప్పు చోట.

"ఏది మేలో తేల్చు" అన్నారిద్దరూ.
అప్పుడే కరెంటు పోయింది.
రెండు అట్టలూ ఒకదాని మీదొకటి పెట్టి చూసినాను.
చిల్లిలోంచి ఎదురు డాబా మీద
ఆరేసిన ఎర్ర లంగా రవ్వంత కనపడింది, అంతే.
"పాతదాని వాషరు ఎండిపోయుండాది.
వదిలిపెట్టి పో జిలానీ, సోమవారం రా" అన్నాను.

వాళ్ళు పోయినాక తలుపు దగ్గరికేసి
దాన్ని భుజానికెత్తుకున్నాను.
చెంప ఆ నున్నటి చోటికి తనంతట తనే పోయింది.
నడిమి వేలుతో ఒక్కటి.

అట్ట పెట్టలేదు.
చీకట్లో ఏ గోతానికి తగిలిందో గానీ
ఇసక చాలాసేపు రాలతానే ఉండాది.