ఆరు మీటర్ల గుసగుస

ఫిరంగిపురం వాడు ఫిరంగుల్లోకే పోయాడని
పందిట్లో అందరూ నవ్వుతుండగా
లూర్దయ్యకి నన్నిచ్చారు.

ఇరవై రెండేళ్ళు తోపుల పక్కన నిలబడి
ఒక ట్రంకుపెట్టె, రెండు మెడల్సు,
చెవుల్లో ఒక కీచురాయి తెచ్చుకున్నాడు.
పెట్టె అటక మీదుంది.
కీచురాయి రాత్రిళ్ళు కూడా పడుకోదు.

నా పేరు సిసీలియా.
ఆయనకి వినపడేది ఈ, ఈ, ఆ.
సకారాలన్నీ రాజస్థాన్ ఇసుకలో ఎక్కడో రాలిపోయాయి.
లారీ హారన్ వింటాడు, కుక్కర్ విజిల్ వినడు.
పప్పు మాడితే ముక్కే ఆయన్ని లేపాలి.

మెడికల్ బోర్డు కాయితం మా చిన్నాడు చదివి
తెలుగులో ఒక్క ముక్క చెప్పాడు:
"సర్వీసుకీ ఈ చెవులకీ సంబంధం లేదంట."

సంబంధం.
మా వైపు ఆ మాటకి పదిమందిని కూర్చోబెడతారు.
అటు వాళ్ళనీ ఇటు వాళ్ళనీ అడుగుతారు,
చూసినవాళ్ళనీ, చూశామన్నవాళ్ళనీ అడుగుతారు.
ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగలేదు.
ముద్ర గుద్ది తెంచేశారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే
ఏం కొరుకుతున్నావన్నాడట.
ఆ సామెత మా ఆయన్ని చూసి అన్నప్పుడల్లా
నాకు ఒళ్ళు మండేది.
రెండు అప్పీళ్ళు వెనక్కొచ్చాక
అందులో చెవిటివాడెవరో తెలిసింది.

"బయటి డాక్టరు కాయితం పెట్టుకో చెల్లెమ్మా,"
అన్నాడు పాత సుబేదారు.

గుంటూరు, కొత్తపేట. మెట్ల కింద చెప్పుల కుప్ప దాటి
చప్పుడు చొరని గదిలో ఆయన్ని కూర్చోబెట్టి
చెవులకి తొడుగులు పెట్టింది డాక్టరు వకుళ.
వినపడితే వేలెత్తమంది.
గాజుకి ఇవతల నేను.
వేలు లేచింది. లేచింది. లేచింది.
తర్వాత చాలాసేపు
తొడ మీద అలాగే పడుంది.
నా వేలు ఎత్తబోయి ఆపుకున్నాను.

గీత చూపించింది. చదునుగా వచ్చి వచ్చి
నాలుగు వేల అంకె దగ్గర బావిలో దూకింది,
కాస్త ఎగబాకింది.
"వయసుదైతే మెట్లు దిగినట్టు దిగుతుందమ్మా.
ఇది మోత తవ్విన గొయ్యి."
అదే రాసివ్వండి, అన్నాను.
పెన్నుకి మూత పెట్టింది.
"ఎవరి మోతో చెవి చెప్పదు.
తోపా, జిన్నింగ్ మిల్లా, మైకు సెట్టా?
సైన్యంలో చేరిన రోజు కాయితం తెండి.
పక్కన నిలబడ్డవాణ్ణి తెండి."

పక్కన నిలబడ్డ వేలుసామి మదురై అవతలున్నాడు.
ఫోన్లో ఇద్దరూ అరుచుకున్నారు,
ఇద్దరికీ వినపడలేదు.
చివరికి ఆయన భార్యా నేనూ అందుకున్నాం.
ఆమెకి తెలుగు రాదు, నాకు అరవం రాదు.
ఢాం అన్నాను. ఢాం అంది.
నెలకి సంతకంతో ఉత్తరం వచ్చింది.

చేరిన రోజు కాయితం ఎనిమిది నెలలు నడిచొచ్చింది.
కుడి చెవి: గుసగుస, ఆరు మీటర్లు.
ఎడమ చెవి: గుసగుస, ఆరు మీటర్లు.
పంతొమ్మిదేళ్ళ కుర్రాడి వెనక నిలబడి
ఎవరో గాలి లాంటి గొంతుతో ఏదో అంకె అంటే
తడుముకోకుండా తిరిగి చెప్పాడన్నమాట.
ఆ కుర్రాణ్ణి నేను చూడలేదు.

వకుళమ్మ రెండు పేజీలు రాసింది.
ఆఖరి వాక్యం: సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ.
ఉంది అని రాయొచ్చుగా, అన్నాను.
"తెలిసినంతే రాస్తేనే నిలబడుతుంది."
బ్రాడీపేటలో మూడు జిరాక్సులు తీయించి
అసలుది నా చీర మడతల్లో పెట్టాను.

పోస్టు చేసిన రాత్రి
గడప నుంచి కుళాయి దాకా టేపు పట్టాను.
ఆరు మీటర్లకి జానెడు తక్కువ.
ఆయన అటు తిరిగి, బిందె కింద పెట్టి,
గోడ మీది పిల్లిని చూస్తున్నాడు.
పెళ్ళైన కొత్తలో అన్న మాటొకటి
గుసగుసగా అన్నాను.

పిల్లి నా వైపు చూసింది.
బిందె నిండి, పొర్లి,
నీళ్ళు గడప దాకా వచ్చాయి.