బెంచీల పటం

డండీ లైబ్రరీలో, కిటికీ పక్క అరలో
నడుం విరిగిన పుస్తకం ఒకటి.
వెబ్‌లో పటాలు కట్టడం నేర్పుతానంటుంది.
వెన్నుకి టేపు, లోపల టీ మరక,
అంచుల్లో ఎవరిదో ఎడమకి వాలిన పెన్సిలు రాత.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని
మా సూపర్‌వైజర్ ఇయోనా నవ్వింది.
నిజమే. పొద్దున్నే ఏడిళ్లు తిరిగి
పెద్దవాళ్లకు మేజోళ్లు తొడిగే పని నాది.
వాళ్లలో ఎఫీ లామండ్ అని ఒకావిడ,
"బెంచీ నుంచి బెంచీకి బతుకుతున్నానమ్మా" అంటుంది.
హిల్‌టౌన్ ఎక్కాలంటే ఆవిడకి
నూట నలభై అడుగులకొకటి కావాలి.
కౌన్సిల్‌ని అడిగితే జాబితా పంపారు,
సగం చెత్తడబ్బాలు.

అలా మొదలుపెట్టాను,
నలభై ఆరేళ్లకు మళ్లీ పలక.
మొదటి అధ్యాయం వెన్నలా జారింది.
రెండోదాంట్లో బ్రాకెట్టు మూయడం మరిచాను.
ఒత్తు పోయి "అమ్మ" "అమ" అయినా
మా తెలుగు మేష్టారికి అర్థమయ్యేది.
ఈ యంత్రం అలా కాదు.
తెల్లమొహం పెట్టి కూర్చుంది,
అలకపాన్పు మీద అల్లుడిలా.

నూట పన్నెండో పేజీ అంచున పెన్సిలు అంది:
"ఇది ఇప్పుడు పనిచెయ్యదు.
కొత్త చిరునామా వెనక అట్టమీద రాశాను."
తిప్పి చూశాను. రాసే ఉంది.
ఆ రాత్రి పటం పలక పలకగా వచ్చింది.
బూడిదరంగు గళ్లల్లోంచి ముందు టే నది,
తర్వాత దానిమీద రైలు వంతెన,
ఆఖర్న, ఆలస్యంగా, మా వీధి.

ఇక అసలు గొడవ.
ఈ పుస్తకం అక్షాంశం ముందంటుంది,
పక్కనున్న లావుపాటిది రేఖాంశం ముందంటుంది.
ఇద్దరూ పండితులే, నలిగింది నేను.
ఎఫీకి ఇష్టమైన బెంచీ, నది ఒడ్డుది,
సీషెల్స్ దగ్గర సముద్రంలో పడింది.
అంకెలు తిరగేశాను. మైనస్ మరిచాను.
ఈసారి ఉత్తర సముద్రం నడిమధ్య తేలింది.
ఎఫీకి చెబితే అడిగింది:
"మొదటిచోట ఎండ బాగుంటుందా?"

ఆదివారాలు ఫోను పట్టుకుని తిరిగాను.
మూతపడ్డ జనపనార మిల్లు పొగగొట్టం కింద రెండు బెంచీలు.
నెల్లిమర్లలో మా నాన్న కూడా
మిల్లు కూతకే లేచేవాడు.
గోనె నేసి బతికిన ఊళ్లు రెండూ.
ఆ సంగతి ఏ పొరలో పెట్టాలో
పుస్తకం చెప్పలేదు.

ఏడో అధ్యాయం: గుర్తుని తాకితే
చిన్న గడి తెరుచుకుని మాట్లాడాలి.
అక్కడ పెన్సిలు ఆగిపోయింది.
గడువు ముగిసిందో, ఉద్యోగం దొరికిందో, విసుగే పుట్టిందో.
తోడు వచ్చిన మనిషి
మలుపులో చెప్పకుండా దిగిపోయినట్టయింది.
మూడు వారాలు పట్టింది నాకొక్కదానికీ.
గడుల్లో మాటలు మాత్రం ఎఫీవే:
"ఒక కాలు ఊగుతుంది."
"గాలి కోసేస్తుంది, టోపీ జాగ్రత్త."
"ఇది బెంచీ కాదు, గోడ. అయినా ఉండనీ."

అరవై మూడు గుర్తులు.
మంగళవారం ఇద్దరం బయల్దేరాం.
నాలుగోది ఉండాల్సిన చోట
నాలుగు బోల్టుల తుప్పు మచ్చలున్నాయి, అంతే.
ఫోన్లో మటుకు నీలంచుక్క నిక్షేపంలా వెలుగుతోంది.
నాకు తల కొట్టేసినట్టయింది.
తీసేస్తానని వేలు పెట్టబోయాను.
"ఉండు," అంది.
నా భుజం పట్టుకుని నిలబడింది,
ఊపిరి అందేదాకా, రెండు నిమిషాలు.
కింద నది మీద రైలొకటి వెళ్లింది.
"ఇప్పుడు రాసుకో," అంది.

రాసుకున్నాను.
అక్షాంశం ముందు, తర్వాత రేఖాంశం.
మైనస్ మరవలేదు.