అడుగు రేకు

జీడిపిక్కలు అమ్మగా మిగిలినవి పదకొండు వేలు.
నాకేమో జీపు కప్పు మీద లైట్ల వరస కావాలి,
లావు టైర్లు కావాలి.

టెక్కలి షెడ్డులో దాలినాయుడు
బండి కిందకి దూరి, అక్కడ్నించే అన్నాడు:
"సీకటి నీకు కొత్తేటి? ముందు రాయి సంగతి సూడు.
ఆయిల్ చాంబరు పగిలితే
మందస కొండ మీంచి ఎవుడు మోసుకొస్తాడు?"

గ్రానైటు కోసి కోసి అరిగిపోయిన రంపపు బద్దలు
కేజీల లెక్కన తెచ్చి, పక్కపక్కన పేర్చి అతికాడు.
నూనె మార్చడానికి అరచెయ్యంత కన్నం.
మిగిలిన డబ్బుకి పాత స్ప్రింగు పట్టీలు రెండు. అంతే.

తొలివానకి గెడ్డ దాటుతుంటే
కాళ్ళ కింద గర్రుమని
ఆ చివర్నించి ఈ చివరికి గీసుకుపోయింది ఒక రాయి,
నా కడుపులోంచి పోయినట్టే.

బండి ఆగలేదు.

రాత్రి టార్చితో కింద పడుకుని చూశాను.
రాయిని కోసిన ఇనుము మీద
రాయి పెట్టిన గీత.
పాత బాకీ కాబోలు.