మంచుగడ్డ తేవడానికి

రాత్రి రెండున్నర.
బయట మైనస్ నలభై ఏడు.
లోపల, నా మెడ వెనక
ఎవరో కుంపటి రాజేశారు.

ముందు ఒక చిన్న దడ,
మెట్టుందనుకుని గాల్లో అడుగేసినట్టు.
తర్వాత రొమ్ముల కింద నుంచి పైకి పాకే సెగ,
చెవులు, నుదురు, జుట్టు కుదుళ్లు,
ఆపైన ఒక్కసారిగా
మే నెలలో లేనా నది మంచు విరిగినట్టు
చెమట.

దుప్పటి తన్నేస్తాను.
పక్కన ఐతాల్ దాన్ని నిద్రలోనే లాక్కుని
తన మీదున్న రెండింటికీ మూడోది చేసుకుంటాడు.
ముప్పై ఏళ్లు ఒకే దుప్పటి కింద పడుకున్నాం.
ఇప్పుడు మా మంచానికి రెండు వాతావరణాలు.

కిటికీ పైన చెయ్యి పట్టేంత చిన్న తలుపుంది.
నిరుడు దాని గురించే గట్టిగా పోట్లాడుకున్నాం.
"ఇంకో అయిదు నిమిషాలు తెరిచుంచు,
పొద్దున నన్ను గొడ్డలితో మంచం నుంచి ఊడదియ్యాలి" అన్నాడు.
నవ్వాను. తర్వాత ఏడ్చాను.
ఏది ఎందుకో చెప్పలేకపోయాను.

నా ఉద్యోగం చలిని కొలవడం.
ఊరి చివర వాతావరణ కేంద్రంలో
మూడు గంటలకోసారి టార్చిలైటు పట్టుకెళ్లి
తెల్ల పెట్టె తీసి, ఊపిరి బిగబట్టి,
అంకె చూసి పుస్తకంలో రాయాలి.
ముప్పై తొమ్మిది దాటితే పాదరసం గడ్డకడుతుంది,
అక్కణ్ణుంచి సారా గొట్టాన్నే నమ్ముతాం.
గాలికి గడి ఉంది, మంచు లోతుకి గడి ఉంది,
మబ్బు పదింట ఎన్ని పాళ్లో రాయడానికీ గడి ఉంది.
నాకు లేదు.
అట్ట వెనక పెన్సిలుతో నేనే గీసుకున్నాను:
పదకొండో తారీకు, మూడుసార్లు.
పన్నెండు, అయిదు.
పదమూడు, ఒక్కటే. ఆ రాత్రి టీ తాగలేదు.
పద్నాలుగు, లెక్క మానేశాను.

పాలీక్లినిక్ డాక్టరమ్మ నాకంటే పదేళ్లు చిన్నది.
"ముట్లుడిగే వయసు కదా" అంది,
జనవరి కదా అన్నంత తేలిగ్గా.
నూలు చొక్కా, మంచం పక్కన చన్నీళ్లు, కావాలంటే మాత్రలు.
మాత్రల మంచీచెడ్డా ఓపిగ్గానే చెప్పింది,
ఆలోచించుకుని రమ్మంది.
ఆలోచిస్తున్నాను, అదీ చెమటలోనే.

ఈ రాత్రి తడిసిన పక్కగుడ్డని పెరట్లో తాడు మీద వేశాను.
రెండు నిమిషాల్లో అది బట్ట కావడం మానేసింది.
వేలితో కొడితే పలక మోత.
పక్కనే కంచె వారగా మంచుగడ్డల వరుస,
చలికాలం మొదట్లో నదిని కోసి పేర్చుకున్నవి,
వేసవి దాకా మా తాగునీళ్లు.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది.

నాకు పదమూడేళ్లప్పుడు మా అమ్మ అకులీనా
నడిరాత్రి లేచి "గడ్డ తెస్తా" అని వెళ్లేది.
పీపా నిండుగానే ఉండేది.
బూట్లు తొడుక్కునేది, శాలువా మాత్రం వదిలేసేది.
పాపం చలికి వణుకుతూ వస్తుందని
నాన్న పొయ్యిలో ఇంకో దుంగ వేసేవాడు.
ఎంతసేపటికో వచ్చేది, చేతుల్లో ఏమీ ఉండేది కాదు.
జుట్టంతా తెల్లగా, ఒక్క రాత్రిలో ముసలిదైపోయినట్టు,
గుమ్మం దగ్గరే నిలబడి
మెల్లగా కరిగి మళ్లీ అమ్మయ్యేది.
నేను దొంగనిద్రలోంచి చూస్తూ
బయట ఎవరో ఉన్నారనుకున్నాను.
రెండేళ్లు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు.

ఉత్త నుదురు ఆనిస్తే అతుక్కుపోతుంది.
అందుకే ఉన్ని తొడుగున్న అరచేతిని గడ్డ మీద పెట్టి
దాని మీద తల వాల్చాను.
ఊపిరి గడ్డకట్టి
చెవి పక్కన గరగరమని రాలుతోంది.
ఇక్కడే నిలబడి ఉంటుంది.
ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం కోసమే వచ్చేది.

"ఏం చేస్తున్నావక్కడ?" తలుపు సందులోంచి ఐతాల్.
"గడ్డ తెస్తున్నా."
పీపా వైపు చూశాడు. నిండుగా ఉంది.
ఏమీ అనలేదు.

నేను లోపలికొచ్చేసరికి
చెవుల టోపీ పెట్టుకుని, గడ్డం కింద ముడేసుకుని
పడుకుని ఉన్నాడు.
కిటికీ పైన చిన్న తలుపు
తెరిచి ఉంది,
వేలెడంత.